ఎదుగు పిల్లలకు చెప్పవలసిన శరీరధర్మము

మహాశివరాత్రికిని ఉగాదికిని శ్రీశైలమునకు కాలినడకను వచ్చు యాత్రికులు వేలకు వేలు. కర్ణాటకమునుండి వచ్చువారు ఆత్మకూరు చేరి, వెంకటాపురము దాటి, నాగలూటి మీదుగా నల్లమల నెక్కి, భీముని కొలను లోయలో దిగి, తిరిగి కొండ యెక్కి మల్లన్న సన్నిధికి చేరుదురు. ఆ నడకలో పెద్దవారి వెంట పదమూడు, పదునాలుగేండ్ల ఆడపిల్లలును ఉందురు. ప్రయాణమునకు వారము పది దినముల ముందు ఆ యిండ్లలో ఒక లెక్క జరుగును. పిల్లకు దినములు ఎప్పుడు వచ్చునో తల్లి వ్రేళ్లమీద లెక్కించును. ఆ లెక్క పండుగమీద పడినచో మందుల అంగడినుండి, వైద్యుని చీటీ లేకయే, మాత్రలు వచ్చును. "ఇవి మింగు పాపా, వెనక్కి పోతాది" అని చెప్పి మింగింతురు. ఏల వెనుకకు పోవునో తల్లికి తెలియదు. అడుగుటకు పిల్లకు నోరు రాదు. అమ్మినవాడు చెప్పడు.

ఆ మాత్ర మింగవచ్చునా, మింగరాదా యను ప్రశ్న, స్త్రీల ఆరోగ్యమును గూర్చిన ప్రసంగములు ప్రసారమైనప్పుడెల్ల శ్రోతలనుండి మాకు వచ్చుచుండును. ఒక్క మాటలో జవాబు చెప్పి ముగింపవచ్చును. కాని ఆ ఒక్క మాట చాలదని మాకు తోచుచున్నది. మాత్ర ఏమి చేయునో గ్రహింపవలెనన్నచో, అది లేనప్పుడు దేహము ప్రతి మాసము ఏమి చేయుచున్నదో ముందు తెలియవలెను. అది తెలిసిన పిల్లకు మాత్ర సంగతి వేరుగా చెప్ప నక్కరలేదు. కనుక ఈ వ్యాసమున ఆ మొదటి పాఠమును, దానిని ఇంటను బడిలోను ఎట్లు చెప్పవలెనను విషయమును ముచ్చటింపదలచినాము. ఆడపిల్లలు గల యిండ్లవారే కాక మగపిల్లలు గల యిండ్లవారును దీనిని చదువవలెనని మా కోరిక.

నాభికి దిగువను కటివలయమను ఎముకల గిన్నె యొకటి కలదు. అందు ముందువైపు మూత్రాశయము, వెనుకవైపు పెద్దప్రేగు చివరిభాగము, ఈ రెంటి నడుమ గర్భాశయము ఉన్నవి. మన యిండ్లలో దీనిని గర్భసంచి యందురు. సంచి యనుటచేత అది వదులుగా వ్రేలాడుచుండు పెద్ద తిత్తియని పలువురి యూహ. నిజమునకు బిడ్డ లేనప్పుడు అది తలక్రిందుగా పట్టుకొనిన చిన్న జామకాయ యంత. పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, వెడల్పు 5 సెంటీమీటర్లు. దాని గోడలు దట్టమైన కండరము. బిడ్డను తొమ్మిది మాసములు మోసి, తుదకు బయటికి నెట్టు బలము ఆ కండరమునకే కలదు. దాని పై మూలలనుండి ఇరుప్రక్కలకు, చాచిన చేతులవలె, రెండు సన్నని నాళములు సాగును. ఒక్కొక్కటి 10 సెంటీమీటర్ల పొడవు. వాని చివరల కుచ్చులవంటి అంచులుండును. ఆ కుచ్చుల చెంతనే, బాదంకాయ యంత పరిమాణమున, కుడియెడమల రెండు అండాశయములు కలవు. గర్భాశయపు క్రింది కొనకు గర్భాశయముఖమని పేరు. దానికి దిగువ యోనిమార్గము. అది వెలుపలికి తెరచుకొనును. మూత్రము వచ్చు ద్వారము వేరు, యోనిద్వారము వేరు. ఈ చిన్న సంగతి ఎరుగని పెద్దలు చదువుకొన్నవారిలోను కలరు.

ఆడుశిశువు పుట్టునప్పటికే దాని అండాశయములలో 10 లక్షలు మొదలు 20 లక్షల వరకు అండములుండును. ఈడు వచ్చునప్పటికి వానిలో మిగులునవి 3, 4 లక్షలు. జీవితకాలమున పక్వమై వెలువడునవి నాలుగు వందల ప్రాంతము మాత్రమే. పిల్లలకు ఈ సంగతి చెప్పునపుడు మేము ఇట్లు చెప్పుదుము: అవ్వ కడుపులో అమ్మ యున్నప్పుడే, నీవు కాబోవు అండము ఆ అమ్మలో ఏర్పడి యుండెను. ఈ మాట విన్న పిల్లలలో సిగ్గు పోయి ఆశ్చర్యము నిలుచును. పాఠమునకు అంతకంటె మంచి ప్రారంభము లేదు.

ఇక మాసక్రమము. మెదడునకు అడుగున బఠాణీగింజ యంత గ్రంథి యొకటి కలదు. దానికి పిట్యూటరీ యని పేరు. ఈడు వచ్చు కాలమున అది మేల్కొని రక్తము ద్వారా అండాశయములకు కబురు పంపును. కబురందిన అండాశయమున కొన్ని అండములు పెరుగ నారంభించును. పెరుగుచు ఈస్ట్రోజెన్ అను రసమును విడుచును. ఇట్టి రసములకే హార్మోనులని పేరు. ఈస్ట్రోజెన్ ప్రభావమున గర్భాశయపు లోపలి పొర మందమెక్కి, క్రొత్త రక్తనాళములతో మెత్తని పరుపువలె సిద్ధమగును. పెరిగిన అండములలో సాధారణముగా ఒక్కటి మాత్రము పక్వమై అండాశయమునుండి వెలువడును. నాళపు కుచ్చులు దానిని లోనికి తీసికొనును. అండము వెలువడిన చోట పసుపుపచ్చని చిన్న గ్రంథి యేర్పడి, ప్రొజెస్టెరోన్ అను రెండవ హార్మోనును తయారుచేయును. ఆ పరుపు చెదరకుండ నిలుపునది ఈ రెండవదియే.

నాళములో పురుషబీజము కలిసి అండము ఫలించినచో, ఆ పిండము వచ్చి పరుపులో నాటుకొనును. ఫలింపనిచో ఆ పసుపు గ్రంథి సుమారు 14 దినములకు వాడిపోవును. దానితో ప్రొజెస్టెరోన్ తగ్గును. నిలుపునది లేక పరుపు విడిపోయి, కొంచెము రక్తముతో కలిసి యోనిమార్గమున బయటికి వచ్చును. ముట్టనియు, బహిష్టనియు, దినములనియు మనము చెప్పునది ఇదియే. దానిని చెడురక్తమనుట తప్పు. బిడ్డ వచ్చినచో మొదట పోషించుటకై దేహము సిద్ధపరచిన పొర అది. బిడ్డ రాలేదు గనుక విడిచిపెట్టినది. పోవు రక్తమంతయు కలిపి సాధారణముగా 30, 40 మిల్లీలీటర్లు. కాఫీహోటలు చిన్న గ్లాసులో సగమునకు మించదు. చూచుటకు ఎక్కువగా కనబడును, అంతే.

ఇప్పుడు మాత్ర సంగతి. అంగడివారిచ్చునది చాల సందర్భములలో నోరెథిస్టెరోన్. అది ప్రొజెస్టెరోన్‌ను పోలినది. దానిని మింగుచున్నంత కాలము లోపలి పొరకు ప్రొజెస్టెరోన్ తగ్గినట్లు తోచదు. కనుక అది విడిపోదు. మాత్ర ఆపిన రెండు మూడు దినములకు విడిపోవును. అనగా మాత్ర దేనిని వెనుకకు నెట్టుట లేదు, నిలిపి యుంచుచున్నది. వైద్యుడు పరీక్షించి, అవసరము చూచి, ఎప్పుడో యొకప్పుడు ఇచ్చినచో సాధారణముగా కీడు లేదు. కాని రక్తనాళములలో గడ్డకట్టు వ్యాధి యున్నవారికి, కాలేయవ్యాధి యున్నవారికి, కారణము తెలియని రక్తస్రావ మున్నవారికి ఇది తగదు. ఆ సంగతి అడిగి తెలిసికొనువాడు వైద్యుడే గాని అంగడివాడు కాడు. పండుగ పండుగకు వాడుట మరియు తగదు. ఇంకొక మాట. మొదటిసారి దినములు వచ్చిన తరువాత రెండు మూడేండ్ల వరకు పిల్లలకు మాసక్రమము కుదురుకొనదు. 21 దినములకు రావచ్చును, 45 దినములకు రావచ్చును. పదమూడేండ్ల పిల్ల విషయమున తల్లి వ్రేళ్లమీద వేసిన లెక్కయే నమ్మదగినది కానప్పుడు, ఆ లెక్కను పట్టి మింగించు మాత్రను గూర్చి చెప్పనేల?

దేవాలయ నియమములపై తీర్పు చెప్పుట మా పని కాదు. ఎవరి యాచారము వారిది. ఐనను శ్రీశైల చరిత్ర నెరిగినవారికి ఒక సంగతి గుర్తుకు రాక మానదు. ఈ కొండ వీరశైవులకు మహాక్షేత్రము. పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమని ఒక భాగమునే దీనికై కేటాయించెను. 12వ శతాబ్దిలో కల్యాణపట్టణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు ఐదు సూతకములను త్రోసిపుచ్చిరి. అవి జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి. లింగధారియైన స్త్రీకి ఆ దినములలోను తన యిష్టలింగమును పూజించు హక్కు కలదని వారి సిద్ధాంతము. ఆ శరణులలో నొకతెయైన అక్కమహాదేవి శ్రీశైలమునకే వచ్చెను. కృష్ణ యొడ్డున ఆమె పేరిట గుహలు నేటికిని కలవు. నడచివచ్చు కన్నడ యాత్రికులలో ఆ సంప్రదాయమువారు పలువురు. వారి పిల్లలును మాత్రలు మింగుచున్నారన్నచో, ఆచారము సిద్ధాంతమును దాటి ఎంతదూరము పోయినదో ఊహింపవచ్చును.

భ్రమరాంబికను తలచునప్పుడు మనము అష్టాదశ శక్తిపీఠములను తలచుదుము. ఆ పదునెనిమిదింట కామరూప మొకటి. అస్సాములోని ఆ కామాఖ్య సన్నిధిలో, ఆషాఢమున అంబువాచి యను పండుగనాడు అమ్మవారే బహిష్టయైనదని భావించి మూడు దినములు గుడి మూయుదురు. పిమ్మట తెరచి వేలమంది దర్శనము చేసికొందురు. అంతదూర మేల, శ్రీశైలమునకు పడమటి ద్వారమని పేరుపొందిన అలంపురములోనే, తలకు బదులు పద్మము గలిగి ప్రసవభంగిమలో నున్న దేవతామూర్తి యొకటి కలదు. పండితులు ఈ రూపమును లజ్జాగౌరి యందురు. కృష్ణ దిగువన నాగార్జునకొండలో దొరికిన ఇట్టి శిల్పముపై ఇక్ష్వాకు రాణి యొకతె వేయించిన శాసనమును కలదు. మన శిల్పులు రాతిలో చెక్కినదానిని మనము నల్లబల్లపై సుద్దతో గీయుటకు జంకుచున్నాము.

ఈ జంకు భాషలోను కనబడును. రజస్వల, పుష్పవతి, సమర్తాడుట, ఈడేరుట, పెద్దమనిషి యగుట. ఒక్క సంఘటనకు ఇన్ని పేర్లు. ఆ సంఘటన జరుగు అవయవములకు మాత్రము ఇంటిలో పలుకదగిన మాట యొకటి లేదు. ఒకటి శాస్త్రపదము, రెండవది తిట్టు. నడుమ ఏమియు లేదు. సమర్త వేడుకను చూడుడు. పిల్లను వేరుగా కూర్చుండబెట్టుదురు. బంధువులు వత్తురు. చిమ్మిలి దంచుదురు, క్రొత్తబట్టలు పెట్టుదురు, పాటలు పాడుదురు. నేడు కొన్ని యిండ్లలో ఫోటోగ్రాఫరు కూడ వచ్చుచున్నాడు. వీధి యంతటికిని తెలియును. ఏమి జరిగినదో పిల్లకు మాత్రము ఎవరును చెప్పరు. అడిగినచో, "అది తాకగాకు, ఇక్కడ కూర్చోగాకు" అని అవ్వ చెప్పునవి నియమములే గాని సంగతి కాదు. చిమ్మిలి విషయమున మాత్రము మన పెద్దలను మెచ్చుకొనక తప్పదు. నువ్వులు, బెల్లము ఆ యీడు పిల్లకు కావలసిన యాహారమే. ఆ పది దినములతో ఆపక ఏడాది పొడుగున పెట్టినచో ఇంకను మేలు.

ఆంధ్రప్రదేశమున 2019–21 కాలపు జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత కలవారని తేలినది. ప్రతి మాసము కొంత ఇనుము పోవుచుండగా, పెరుగు వయసున తిండి చాలక పోవుట దీనికి ముఖ్యకారణములలో నొకటి. బడులలో వారమునకొక నీలిరంగు మాత్ర ఇచ్చునది ఇందుకే. అందు ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లము కలదు. ఆ ఆమ్లమును 1945 ప్రాంతమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు. "కడుపులో తిప్పును" అని ఆ మాత్రను కిటికీలోనుండి పారవేయు పిల్లలకు ఈ కథ చెప్పవలెను. అన్నము తిన్న పిమ్మట మింగినచో వికారము తగ్గును. వెంటనే టీ త్రాగరాదు, అది ఇనుమును దేహమునకు పట్టనీయదు. నిమ్మరసము, ఉసిరి పట్టనిచ్చును. రాగిసంగటి, మునగాకు, గోంగూర, వేరుసెనగ రాయలసీమ యింటికి క్రొత్తవి కావు.

బడి సంగతికి వత్తము. ఎనిమిదవ తరగతి జీవశాస్త్రమున కౌమారదశను గూర్చి పాఠము కలదు. పాఠము మంచిదే. కాని పిల్లలకు దినములు సాధారణముగా పన్నెండు, పదమూడేండ్లకే వచ్చుచున్నవి. అనగా ఎనిమిదవ తరగతికి చేరునప్పటికి, చాలమందికి ఆ భయము గడచిపోయినది. ఏమియు తెలియని పిల్ల మొదటి రక్తమును చూచి తనకు గాయమైనదనియో, పెద్ద రోగము వచ్చినదనియో తలచుట మనము వినని కథ కాదు. కనుక ఈ పాఠము ఆరవ తరగతిలోనే, ఇంటియందైనచో పదేండ్లకే, చెప్పవలెను. ఉన్న పాఠమునైనను పలుచోట్ల "ఇది మీరే ఇంటికాడ చదువుకోండి" అని పుట త్రిప్పుచున్నారు. ఉపాధ్యాయుని తప్పు పట్టుట తేలిక. ఆయనకును ఎవరు చెప్పిరి?

2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము స్వేచ్ఛ యను పథకమును ప్రారంభించి, ప్రభుత్వ విద్యాలయములలో 7వ తరగతి మొదలు ఇంటరు వరకు చదువు బాలికలకు నెలకు పదేసి నాప్‌కిన్లు ఉచితముగా ఇచ్చుటకు పూనుకొనెను. మెచ్చుకొనదగిన పని. కాని వస్తువు చేతికిచ్చుట ఒకటి, సంగతి చెప్పుట ఒకటి. రెండవది లేనిచో మొదటిదానిని పిల్ల దాచుకొను వస్తువుగానే చూచును. గుడ్డ వాడు యిండ్లలోను ఇదే తంతు. ఉతికిన గుడ్డను ఎవరి కంట పడునో యని చీకటిమూలను, చీర క్రిందను ఆరవేయుదురు. రాయలసీమలో కరవు నీటికే గాని ఎండకు కాదు. సబ్బుతో ఉతికి ఎండలో బాగుగ ఆరవేసిన గుడ్డ మేలు. తేమతో మడతపెట్టిన గుడ్డ దురదకును, పుండ్లకును మూలము.

తల్లి దగ్గర లేని పిల్లల విషయము మరింత ఆలోచింపదగినది. కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి వానలు పోయిన యేట కుటుంబములు పత్తి తీయుటకును, మిరపకోతలకును గుంటూరు వైపు వలసపోవుచుండుట అందరెరిగినదే. పిల్లలను హాస్టలులోనో, అవ్వ వద్దనో విడుతురు. నల్లమలలో చెంచుపిల్లలకై శ్రీశైలమునందలి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పర్యవేక్షణలో ఆశ్రమపాఠశాలలు నడచుచున్నవి. బడి మధ్యలో మానిన బాలికలకు కస్తూరిబా విద్యాలయములు కలవు. ఈ పిల్లలలో చాలమందికి మొదటి దినములు ఇంటను కాక హాస్టలుగదిలో వచ్చును. అచ్చట తల్లి వార్డెనే, అవ్వ వంటమనిషియే. వారికి ఒక పూట శిక్షణ ఇచ్చినచో వందల పిల్లలకు ఇచ్చినట్లు.

"ఇట్టివి చెప్పినచో పిల్లలు చెడిపోరా?" అని అడుగువారు కలరు. ఈ భయముతోనే 2007లో మహారాష్ట్రము, కర్ణాటకము, మధ్యప్రదేశము మున్నగు రాష్ట్రములు కౌమారవిద్యా కార్యక్రమమును ఆపివేసినవి. యునెస్కో సంస్థ వివిధ దేశములలో జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూచి, 2009లోను తిరిగి 2018లోను వెల్లడించిన మార్గదర్శకములలో, ఇట్టి విద్య వలన పిల్లలు తొందరపడుట లేదని తేల్చినది. మా మాట వేరుగా నొకటి కలదు. పిల్లలు తెలిసికొనకుండ ఉండరు. ఎవరి వలన తెలిసికొందురనునదే ప్రశ్న. ఇంటిలో రేడియో ప్రక్కనే సెల్‌ఫోను ఉన్నదని మరువరాదు.

ఎట్లు చెప్పవలెను? మా యనుభవమున, బొమ్మ గీచి చెప్పుట మేలు. పలకమీద జామకాయను, దానికి రెండు చేతులను, చివర రెండు బాదంకాయలను గీయుడు. పేర్లను ఒక్కొక్కటిగా, నవ్వు లేకయు, గుసగుస లేకయు పలుకుడు. మొదటిసారి పిల్లలు కిసుక్కున నవ్వుదురు. నవ్వనిండు. మూడవసారికి గర్భాశయము కూడ కాలేయమువలె ఒక అవయవమగును. ప్రశ్నలకు మూతగల పెట్టె యొకటి పెట్టి, పేరు వ్రాయని చీటీలు వేయుమని చెప్పినచో, నోట రానివన్నియు చీటీలలో వచ్చును. తలంటుకొనవచ్చునా, ఆటలాడవచ్చునా, ఊరగాయ ముట్టుకొన్నచో బూజు పట్టునా యని అడుగుదురు. తలంటుకొనవచ్చును. ఓపిక యున్నచో ఆడవచ్చును. ఊరగాయకు బూజు పట్టునది తడిచేతి వలన, ఎవరి చేయియైనను సరే.

మగపిల్లలకు ఈ పాఠము ఏల యని అడుగుదురు. తరగతిలో తోటి పిల్ల పరికిణీపై మరక చూచి వెక్కిరించువాడు వాడే గదా. అంతకంటె పెద్ద కారణము వేరొకటి కలదు. స్త్రీ క్షేత్రము, పురుషుడు బీజము అను న్యాయము మనుస్మృతి నాటినుండి మన తలలలో నాటుకొని యున్నది. క్షేత్రముకంటె బీజమే మిన్న యను భావము అందు ఇమిడి యున్నది. 1827లో ఫాన్ బేర్ అను శాస్త్రజ్ఞుడు క్షీరదముల అండమును కనుగొనిన పిమ్మట ఆ న్యాయము నిలువలేదు. బిడ్డకు సగము తల్లి యిచ్చును, సగము తండ్రి యిచ్చును. ఆడయో మగయో నిర్ణయించునది మాత్రము తండ్రినుండి వచ్చు బీజము. అందు ఎక్స్ ఉన్నచో ఆడబిడ్డ, వై ఉన్నచో మగబిడ్డ. తల్లి అండమున ఎప్పుడును ఎక్సే యుండును. 1905లోనే నెట్టీ స్టీవెన్స్ అను స్త్రీ పురుగులపై పరిశోధించి దీనిని చూపెను. వరుసగా ఆడపిల్లలను కన్నదని కోడలిని సాధించు యిల్లు మన యూరిలో ఇంకను కలదన్నచో, ఆ యింటి మగపిల్లవానికి ఈ పాఠము అందలేదన్నమాట.

పాఠము అందని ఫలితము పదునాలుగేండ్లతో ఆగదు. పైన చెప్పిన పరిశీలనలోనే, ఈ రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లియైనవారు. 15 మొదలు 19 ఏండ్లవారిలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. దినములు వచ్చినవి గనుక పిల్ల పెండ్లికి సిద్ధమైనదను నమ్మకము ఇంకను పోలేదు. దినములు వచ్చుట దేహము పెరుగుదలకు ఆరంభమే గాని అంతము కాదు. కటివలయపు ఎముకలు ఇంకను కొన్నేండ్లు పెరుగుచునే యుండును. అవి పెరుగకముందు కాన్పు వచ్చినచో బిడ్డ తల అడ్డుపడును.

ఇంకొక సంఖ్య మమ్ము మరింత కలవరపెట్టినది. 15 మొదలు 49 ఏండ్లలోపు గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి ముగ్గురు చిల్లర కాగా, ఆంధ్రప్రదేశమున నూటికి దాదాపు తొమ్మండ్రు. తెలంగాణమున ఎనిమిదుగురు. దేశమునకంతటికి ముందు నిలిచినది మన తెలుగునాడే. వారిలో కొందరికి ఆ శస్త్రచికిత్స నిజముగ అవసరము. కాని ముప్పది, ముప్పదియైదేండ్లకే తెల్లబట్టయనియో, నడుమునొప్పియనియో వెళ్లి, "పిల్లలు పుట్టిరి గదా, ఇంక దీనితో పనేమి, ఉంచినచో క్యాన్సరు వచ్చును" అన్న మాటకు తలయూపి వచ్చినవారు పల్లెలలో ఎందరో కలరు. తెల్లబట్ట చాల సందర్భములలో మందుతో నయమగునది. గర్భసంచితో పాటు అండాశయములను కూడ తీసినచో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగ ఆగిపోవును. ఎముకలు పెళుసుబారును, గుండెజబ్బుల భయము పెరుగును. అండాశయములను ఉంచినను ముట్లుడుగు మార్పులు కొంత ముందుగా రావచ్చును. జామకాయ ప్రక్కన బాదంకాయలు ఏమి చేయునో పదమూడవ యేట నేర్చిన స్త్రీ, ఆ బల్లమీద పడుకొనకముందు "అండాశయములు కూడ తీయుదురా? మందులు వాడి చూచితిరా? ఇంకొక వైద్యుని అడుగవచ్చునా?" అని మూడు ప్రశ్నలు వేయగలదు.

తల్లిదండ్రులు పిల్లను వైద్యురాలికి చూపవలసిన సందర్భములు కొన్ని కలవు. పదమూడేండ్లు నిండినను స్తనములు పెరుగుట మొదలు కాకున్నను, పదునైదేండ్లు నిండినను దినములు రాకున్నను చూపవలెను. నాప్‌కిను గంట రెండు గంటలకే తడిసి, అట్లు పలుమారు మార్చవలసి వచ్చినను, ఏడు దినములకు మించి స్రావ మాగకున్నను చూపవలెను. నొప్పి కొంత సహజమే. గోరువెచ్చని కాపడముతోను, వైద్యురాలు చెప్పిన మాత్రతోను తగ్గును. కాని నెలనెలా బడి మానునంత నొప్పి సహజము కాదు, "అందరికీ ఉండేదే" యని ఊరకుండరాదు. మొదటి దినము తేదీని గోడకాలెండరుమీద చిన్న చుక్కతో గుర్తుపెట్టుట పిల్లకే నేర్పవలెను. వైద్యురాలు మొట్టమొదట అడుగు ప్రశ్న ఆ తేదీయే.